ముందు బైకును కొలవండి, తర్వాతే టెంటు కొనండి: శ్రీకాకుళం, విజయనగరం దారుల్లో రాత్రి బసకు మార్గదర్శి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో బైకు మీద వెళ్లి ఆరుబయట రాత్రి గడపాలనుకునేవారికి చోట్లకు కొదవ లేదు. బారువ నుంచి కళింగపట్నం మీదుగా పూసపాటిరేగ మండలంలోని చింతపల్లి దాకా ఒకవైపంతా సముద్రమే. ఇటు చూస్తే గోస్తనీ నది మీది తాటిపూడి జలాశయం, శృంగవరపుకోట దాటగానే మొదలయ్యే అనంతగిరి ఘాట్ రోడ్డు. ఈ నేలకూ ఈ గాలికీ ఏ టెంటు నప్పుతుందో చెప్పేవారే తక్కువ. అమ్మకందారులు ఇచ్చే వివరాలు చాలావరకు చలిదేశాల్లో భుజాన సంచి వేసుకుని కొండలెక్కేవారి కోసం తయారైనవి. వాటిలో బరువును గ్రాముల్లో లెక్కగడతారు, చలి తట్టుకోవడం గురించి పేజీలు నింపుతారు. బరువు ఎలాగూ బైకు మోస్తుంది. చలి మనకు ఏడాదిలో కొద్ది వారాలే. మన దగ్గర టెంటు బాగోగులు తేల్చేవి వేరే ఉన్నాయి: మడిచినప్పుడు దాని పొడవు ఎంత, లోపల గాలి ఎంత ఆడుతుంది, తెల్లవారేసరికి ఎంత చెమ్మ పడుతుంది. ఈ క్రమంలోనే చూద్దాం.

1. టేపు పట్టుకుని బైకు దగ్గరికి వెళ్లండి

టెంటు కొనడానికి ముందు చేయవలసిన పని ఇది. వెనక సీటు పొడవు, వెడల్పు, క్యారియర్ ఉంటే దాని కొలత, పక్క సంచులు ఉంటే వాటి లోపలి పొడవు రాసుకోండి. హ్యాండిల్‌బార్ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఎంతో కూడా కొలవండి. అడ్డంగా కట్టే ఏ సామానూ ఆ వెడల్పు దాటకూడదు. ఊళ్ల మధ్య ఇరుకు రోడ్డులో ఎదురుగా గడ్డి బండి వచ్చినప్పుడు హ్యాండిల్ పట్టినంత మేర మనం తప్పుకోగలం. వెనక ఇంకో జానెడు పొడుచుకువచ్చిన సంగతి ఆ క్షణంలో గుర్తుండదు.

ఇక టెంటు వైపు చూడవలసిన అంకె, మడిచినప్పటి పొడవు. దాన్ని నిర్ణయించేది గుడ్డ కాదు, కడ్డీలు. గుడ్డను ఎలాగైనా కుదించవచ్చు. కడ్డీ ముక్క పొడవు అంగుళం కూడా తగ్గదు. చవక ఫైబర్‌గ్లాస్ కడ్డీల టెంట్లు చాలావరకు 60 సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటాయి. అవి పక్క సంచిలో పట్టవు, సీటు మీద అడ్డంగా కట్టవలసిందే. 45 సెంటీమీటర్లు, అంతకన్నా తక్కువ ఉంటే సంచిలో నిలువుగా ఇమిడిపోతాయి. ఒకే పని చేసే రెండు టెంట్లు ముందుంటే, అరకిలో బరువు ఎక్కువైనా సరే, కడ్డీ ముక్క పొట్టిగా ఉన్నదే తీసుకోండి. ఒక్కరికైతే రెండు నుంచి మూడున్నర కిలోల దాకా బైకుకు భారమేమీ కాదు.

విసిరితే దానంతట అదే తెరుచుకునే గుండ్రటి టెంట్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. మడిస్తే పెద్ద పళ్లెమంత చక్రమవుతుంది, బైకు వెనక గాలికి తెరచాపలా నిలబడుతుంది. కారున్నవారికి వదిలేయండి.

మన బైకులకు ఎడమవైపు చీర గార్డు, కుడివైపు సైలెన్సర్ ఉంటాయి. పక్క సంచుల కొలత వేసేటప్పుడు ఈ రెండూ లెక్కలోకి రావాలి. సైలెన్సర్‌కు గుడ్డ తగిలే అవకాశం ఏమాత్రం ఉన్నా టెంటును అటువైపు పెట్టకండి. నైలాన్ కరగడానికి ఒక్క గుంట చాలు, ఒక్క స్పీడ్ బ్రేకర్ చాలు.

2. మనుషులను లెక్కపెట్టి ఒకటి కలపండి

పెట్టె మీద ఇద్దరికి అని రాసి ఉంటే, ఇద్దరు భుజం భుజం రాసుకుంటూ పడుకోగలరని అర్థం. సాధారణంగా అలాంటి టెంటు నేల వెడల్పు 130, 140 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. పడక చాపలు మామూలుగా 50 సెంటీమీటర్ల పైచిలుకు వెడల్పు. రెండు చాపలు పరిచాక మిగిలేది చేయి పట్టేంత సందు. బైకు మీద వచ్చినవారికి హెల్మెట్, జాకెట్, బూట్లు, ట్యాంక్ సంచి ఉంటాయి. కాబట్టి ఒక్కరైతే ఇద్దరి టెంటు, ఇద్దరైతే ముగ్గురి టెంటు.

ఎత్తు విషయంలో పిసినారితనం వద్దు. మధ్యలో కనీసం 105 సెంటీమీటర్లు ఉంటే సుఖంగా కూర్చోవచ్చు. వానలో తడిసి వచ్చి, మోకాలి కవచాలతో ఉన్న ప్యాంటును పడుకునే విప్పుకోవలసి వస్తే ఆ ఎత్తు విలువ తెలుస్తుంది.

వానను ఆపడానికి టెంటు మీద వేసే బయటి పొరను పై గుడ్డ అందాం. తలుపు ముందు ఆ పై గుడ్డ కప్పే చిన్న వసారా ఉన్న టెంటునే ఎంచుకోండి. బురద బూట్లు, తడి రెయిన్‌కోటు అక్కడ ఆగిపోతాయి. ఇద్దరు పడుకునేట్లయితే రెండు వైపులా తలుపూ వసారా ఉండటం ఇంకా మేలు. అర్ధరాత్రి లేచినవారు రెండోవారిని తొక్కకుండా బయటకు వెళ్తారు. బైకును కూడా లోపల నిలబెట్టుకునే గ్యారేజి టెంట్లు విదేశాల్లో దొరుకుతాయి. ఐదారు కిలోల బరువు, విప్పితే మడిలో సగం ఆక్రమిస్తాయి. మనకు బైకు మీద కప్పడానికి ఒక కవరు చాలు.

3. మేకు లేకుండా నిలబడుతుందా?

టెంట్లలో కొన్ని కడ్డీల బలంతోనే నిలబడతాయి, గుమ్మటంలా ఉంటాయి. సొరంగంలా ఉండేవి, ఒకటే కడ్డీతో నిలబడేవి మేకులు గట్టిగా దిగితేనే లేస్తాయి. రెండో రకం తేలిక, చిన్నగా మడతపడుతుంది. అయినా ఈ రెండు జిల్లాల్లో తిరిగేవారికి నేను గుమ్మటం రకమే చెబుతాను.

కారణం మన నేల. తీరంలో వదులు ఇసుక, మేకు వేలితో లాగినా ఊడి వస్తుంది. ఏప్రిల్ వచ్చిందంటే గంట్యాడ వైపు ఎర్రనేల ఎండి రాయి కడుతుంది, మేకు వంగుతుందే గాని దిగదు. వీటికి మించిన మూడో కారణం మన ఊళ్ల మర్యాద. చీకటి పడ్డాక ఊరి పెద్దను అడిగితే, ‘బయట ఎందుకు బాబూ, మంచు పడుతుంది, బడి వరండాలో పడుకోండి’ అంటారు. గుడి మండపమో, డాబా ఇంటి పైకప్పో చూపిస్తారు. అక్కడ సిమెంటు నేల, మేకు ప్రసక్తే లేదు. గుమ్మటం టెంటయితే పై గుడ్డ తీసేసి లోపలి జాలీ గూడును మాత్రం నిలబెట్టుకుంటే దోమతెర అయిపోతుంది. అందుకే లోపలి గూడు విడిగా నిలబడుతుందో లేదో కొనే ముందే అడగండి. కొన్నింటికి ముందు పై గుడ్డ నిలబెట్టి, దానికి లోపలి గూడును వేలాడదీస్తారు. వానలో అది సుఖమే, వరండాలో మాత్రం పనికిరాదు.

4. గాలి, చెమ్మ

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే మన ప్రాంతంలో టెంటు మీద వచ్చే ఫిర్యాదుల్లో సగం ఇక్కడే పుడతాయి. ‘టెంటు కారుతోంది’ అని తిట్టుకునేవారిలో చాలామందికి వాన పడనే లేదు.

మనిషి రాత్రంతా ఊపిరితోనూ చెమటతోనూ వదిలే తేమ ఒక గ్లాసు నీళ్లకు తక్కువ ఉండదు. సముద్రపు గాలిలో తేమ అంతకుముందే ఉంది. డిసెంబరు, జనవరిల్లో తెల్లవారుజామున పై గుడ్డ బయటి గాలికి చల్లబడుతుంది. లోపలి వెచ్చటి తేమ దానికి తగలగానే నీటి బొట్లయి కూర్చుంటుంది. గుడ్డ ఒకటే పొర అయితే ఆ బొట్లు నేరుగా దుప్పటి మీద పడతాయి. రెండు పొరల టెంటులో జాలీ లోపలే ఉంటుంది, బొట్లు పై గుడ్డ లోపలి వైపున జారి అంచున కిందికి దిగిపోతాయి. కాబట్టి ఎంత చవకగా వచ్చినా ఒంటిపొర టెంటు మన తీరానికి వద్దు.

రెండు పొరల్లోనూ తేడాలున్నాయి. పై గుడ్డకూ లోపలి గూడుకూ మధ్య కనీసం నాలుగు వేళ్ల ఎడం అంతటా ఉండాలి. నిలబెట్టి చూసినప్పుడు మూలల్లో రెండూ అంటుకుంటుంటే ఆ మూలలోనే కాళ్లు తడుస్తాయి. పై గుడ్డ నెత్తిన చిన్న గాలి కిటికీలు ఉండాలి, వాటిని తెరిచి నిలిపే పుల్ల ఉందో లేదో చూడండి. పుల్ల లేని కిటికీ గాలికి మూతపడుతుంది, అలంకారానికే మిగులుతుంది.

గూడంతా జాలీయే ఉంటే మే నెల రాత్రి తాటిపూడి దగ్గర హాయి. అదే టెంటు కళింగపట్నం ఇసుకలో వేస్తే గాలికి లేచిన సన్న ఇసుక జాలీలోంచి దూరి పొద్దుటికి పళ్ల మధ్య కరకరలాడుతుంది. నా ఓటు మధ్యరకానికి: కింద ఒక జానా జానెడున్నర గుడ్డ గోడ, ఆపైన అంతా జాలీ. పడుకున్న మనిషి ఎత్తులో ఇసుక ఆగుతుంది, పైనుంచి వేడి పోతుంది. జాలీ కన్ను ఎంత సన్నమో కూడా గమనించండి. మామూలు దోమ ఆగే జాలీలోంచి చీకటి పడగానే నీటి ఒడ్డున ముసిరే సన్న పురుగులు దూరిపోతాయి.

రంగు గురించి ఒక మాట. సూర్యుడు సముద్రం మీంచే లేస్తాడు, తీరంలో ఆ ఎండకు అడ్డమేమీ ఉండదు. ముదురు రంగు టెంటు పొద్దున్నే కాగిపోతుంది. లేత రంగు తీసుకోండి. సరుగుడు తోట ఉంటే దానికి ఊరివైపు అంచున వేయండి, చెట్ల నీడ ఉదయం మీ మీద పడుతుంది. సముద్రం కనిపించాలని అటువైపు వేసేవారికి సూర్యోదయం ఉచితం, నిద్ర ఉండదు.

5. వానకు గుడ్డ ఆగుతుందా? అంకెలు చదవడం

పై గుడ్డకు 1500, 2000, 3000 మిల్లీమీటర్లు అని రాసి ఉంటుంది. అది వాన కొలత కాదు. గుడ్డ మీద నీటి స్తంభం ఎంత ఎత్తు నిలబెడితే తొలి బొట్లు ఇవతలికి వస్తాయో ఆ ఎత్తు. పై గుడ్డకు 2000 ఉంటే మన నైరుతి వానకు సరిపోతుంది. నేలకు 3000, ఆపైన కావాలి. మోకాలు ఆనించినచోట, మోచేయి ఆనించినచోట గుడ్డ మీద ఒత్తిడి పడి తడినేల నుంచి నీరు పైకి వస్తుంది కాబట్టి.

డెనియర్ అనేది దారం మందం. 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములుంటే అన్ని డెనియర్లు. మరీ సన్నవి జీడితోట ముళ్లకంపలకూ బైకు మీది కుదుపుల రాపిడికీ తట్టుకోవు. పై గుడ్డ 40 నుంచి 75, నేల గుడ్డ 75 లేదా పైన ఉంటే చాలాకాలం మన్నుతుంది. పాలియెస్టర్, నైలాన్ రెండింటిలో పాలియెస్టర్‌కే మొగ్గండి. నైలాన్ తడిస్తే సాగి వేలాడుతుంది, ఎండకు తొందరగా బలం కోల్పోతుంది.

అంకెలు ఎంత గొప్పగా ఉన్నా కుట్టు దగ్గర పని పూర్తికాకపోతే లాభం లేదు. పై గుడ్డను లోపలివైపు తిప్పి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. ప్రతి కుట్టు వెంబడి వేలు వెడల్పున పారదర్శకంగా ఒక పట్టీ అతికించి ఉండాలి. సూది గుచ్చిన రంధ్రాలను మూసేది అదే. నాలుగు కుట్లు ఒకచోట కలిసే మూలలో గోటితో మెల్లగా గీరండి. అంచు లేచిందంటే మొదటి వర్షాకాలానికే ఊడుతుంది. రెండు మూడు వేలకు వచ్చే టెంట్లలో చాలావాటికి ఈ పట్టీయే ఉండదు. అలాంటిది ఇప్పటికే కొని ఉంటే పారేయనక్కర్లేదు. కుట్లకు పూసే జిగురు దొరుకుతుంది, ఒక మధ్యాహ్నం కూర్చుని పూస్తే సరిపోతుంది.

6. కడ్డీలు, మేకులు, ఇసుకలో లంగరు

ఫైబర్‌గ్లాస్ కడ్డీ చవక. విరిగినప్పుడు నిలువునా చీలి పేళ్లు లేస్తాయి, అవి వేలిలో గుచ్చుకుంటాయి, గుడ్డనూ చింపుతాయి. అల్యూమినియం వంగుతుంది, చాలాసార్లు చేత్తో సరిచేసుకోవచ్చు. పొట్టి ముక్కల కడ్డీలు కూడా ఎక్కువగా ఇందులోనే దొరుకుతాయి. డబ్బు ఒక్కచోటే ఎక్కువ పెట్టగలిగితే ఇక్కడే పెట్టండి. ఏ రకమైనా, విరిగిన చోట తొడిగే గొట్టం ముక్క ఒకటి సంచిలో ఉండాలి.

టెంటుతో వచ్చే సన్నటి మేకులను ఇంట్లో వదిలేయండి. అడ్డంగా కోస్తే మూడు రెక్కలు కనిపించే అల్యూమినియం మేకులు గట్టినేలకు మంచివి. ఇసుకకు మేకుతో పని లేదు. ఖాళీ యూరియా బస్తాను నాలుగు ముక్కలు చేసి తీసుకెళ్లండి. ఒక్కో ముక్కలో దోసిళ్లతో ఇసుక పోసి మూట కట్టి, తాడు దానికి ముడివేసి, మోచేయి లోతు గోతిలో పాతి, పైన ఇసుక వేసి కాలితో తొక్కండి. తాడు ఎంత లాగినా అది కదలదు. మడిస్తే జేబులో పట్టే సామాను, కొత్తగా కొనవలసిన పనీ లేదు.

గాలి తాళ్లు పై గుడ్డకు కనీసం నాలుగు వైపులా కట్టే వీలుండాలి. వేసవిలో సాయంత్రం నిశ్చలంగా ఉక్కపోసి, ఉన్నట్టుండి ఈదురుగాలితో ఉరుములు విరుచుకుపడటం మనకు మామూలే. తాళ్లు కట్టకుండా పడుకుంటే ఆ గాలిలో లేచి చీకట్లో వెతుక్కోవాలి. తాడును బైకుకు మాత్రం కట్టకండి. సైడ్ స్టాండు మీద ఉన్న బండి టెంటు మీదికి ఒరిగితే కింద ఉన్నది మీరే. ఇసుకలో స్టాండు కింద పలకరాయో చెక్కముక్కో పెట్టాలి. బండిని టెంటుకు దాని పొడవంత దూరంలో అయినా ఆపాలి.

7. ఇంటి దగ్గరే ఒక రాత్రి

కొన్న వెంటనే డాబా మీద నిలబెట్టండి. ముందు పగలు, తర్వాత చీకట్లో సెల్ వెలుతురుతో. పావుగంటలో లేవకపోతే సాధన కావాలి. తలుపు జిప్పును పడుకునే ఒంటి చేత్తో, మూల తిరిగేచోట లాగి చూడండి. గుడ్డ పళ్లలో ఇరుక్కుంటుంటే ఆ టెంటు వెనక్కి ఇచ్చేయండి, జిప్పు లక్షణం వాడకంలో మారదు. పంపు గొట్టంతో పది నిమిషాలు నీళ్లు కొట్టి, లోపల పొడిగుడ్డతో కుట్లన్నీ తుడవండి. తడి తగిలిన చోట సుద్దతో గుర్తు పెట్టండి. చివరగా మీ చాప వేసుకుని పడుకోండి. తలా పాదాలూ గోడలకు తగిలితే ఆ పొడవు మీది కాదు.

కింద వేసే అదనపు పట్ట టెంటు నేలకన్నా అన్ని వైపులా రెండు వేళ్లు చిన్నదిగా ఉండాలి. బయటికి పొడుచుకు వస్తే వాన నీటిని పట్టి నేరుగా నడుము కిందికి తెస్తుంది.

8. ఎక్కడ వేయాలి, ఎక్కడ వేయకూడదు

సముద్రం దగ్గర, ఎండిన చెత్త వరుసగా ఆగిన గీత ఎక్కడుందో చూసి దానికి బాగా పైన వేయండి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆ గీత కూడా చాలదు. మత్స్యకారుల పడవలు ఎక్కడిదాకా లాగి ఉంచారో చూస్తే అంతకన్నా నమ్మకమైన గుర్తు లేదు. వారినే అడగడం ఇంకా మంచిది. జనవరి నుంచి మార్చి దాకా ఈ తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఆ నెలల్లో ఒడ్డున లైట్లు, మంటలు వద్దు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద వాటికి పూర్తి రక్షణ ఉంది.

వంశధార, నాగావళి ఇసుక తిన్నెలు చూడగానే పరుపులా అనిపిస్తాయి. ఈ రెండు నదులూ ఒడిశా కొండల్లో పుట్టినవి. అక్కడ కురిస్తే ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్నా నీరు వస్తుంది. వర్షాకాలంలో నదిగర్భంలో పడక పనికిరాదు. ఉద్దానంలో కొబ్బరిచెట్టు కింద వేయకండి, కారణం పైకి చూస్తే తెలుస్తుంది. ఉరుముల వేళ ఒంటరి తాడిచెట్టు దరిదాపుల్లోనూ వద్దు. సీతంపేట, కురుపాం వైపు ఏనుగులు సంచరిస్తుంటాయి, అటు వెళ్తే ఊరి మధ్యే బస చూసుకోండి. రిజర్వు అడవిలో అటవీశాఖ అనుమతి లేకుండా మకాం వేయడం నేరం.

అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి తోటలే నేలకొరిగాయి. ఏ టెంటూ దానికి జవాబు కాదు. రేడియోలో కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో ప్రమాద సూచిక ఎగరేశారని వింటే ప్రయాణం వాయిదా వేయండి.

టెంటు లోపల పొయ్యి వెలిగించకండి, వాన పడుతున్నా సరే. నిప్పుకన్నా ముందు కనిపించని విషవాయువు పని పూర్తి చేస్తుంది. బూట్లు, హెల్మెట్ జిప్పు లోపలే ఉంచి, పొద్దున్న తొడిగేముందు తిరగేసి దులపండి. తేళ్లకు అవి మంచి ఇళ్లు.

9. తిరిగి వచ్చాక

తడి టెంటును పొద్దున్నే మడవక తప్పదు. పై గుడ్డను వేరే సంచిలో కట్టి, లోపలి గూడుకు తడి అంటకుండా తీసుకురండి. మధ్యాహ్నం ఎక్కడైనా భోజనానికి ఆగినప్పుడు బైకు మీద పరిస్తే అరగంటలో ఆరుతుంది. సముద్రం దగ్గర వాడితే ఇంటికి రాగానే జిప్పులను, కడ్డీల కీళ్లను మంచినీటితో కడగండి, ఉప్పు వాటిని తినేస్తుంది. సబ్బు పొడి, వాషింగ్ మెషీన్ వద్దు. నీడలో పూర్తిగా ఆరనివ్వండి, కుట్ల మడతల్లో కూడా.

తర్వాత బిగుతు సంచిలో కుక్కకుండా పెద్ద నూలు సంచిలో వదులుగా పెట్టండి. మన తేమలో ఏడాదిపాటు బిగించి ఉంచిన గుడ్డ లోపలి పూత జిగటగా మారి, పుల్లటి వాసనతో పొరలు పొరలుగా రాలుతుంది. అటక మీద రేకుల వేడి తగిలేచోట కాకుండా బీరువా కింది అరలో ఉంచండి. నెలకోసారి తీసి గాలికి ఆరేయండి.